మంచులో వెనుక చక్రాల కారు: గెలిపించింది ఇంజినా, టైరా?

ఈ ఎపిసోడ్ మీ ప్రశ్నతోనే మొదలుపెడుతున్నా. అమెరికా, కెనడా, జర్మనీల్లో చదువుకుంటున్న మనవాళ్ళ నుంచి చలికాలం దగ్గరపడుతుంటే చాలు, నాకు ఒకే రకం మెసేజ్‌లు వస్తాయి. "అన్నా, సెకండ్ హ్యాండ్‌లో మస్టాంగ్ మంచి రేటుకి దొరుకుతోంది. కానీ రూమ్మేట్స్ అందరూ వద్దంటున్నారు. రియర్ వీల్ డ్రైవ్ కారు మంచులో నడపడం అంటే ప్రాణం మీదకి తెచ్చుకోవడమే అంటున్నారు. నిజమేనా?"

దీనికి అవును, కాదు అని ఒక్క ముక్కలో చెప్పొచ్చు. కానీ అలా చెబితే మీరు రేపటికి మర్చిపోతారు. అందుకే నేను మిమ్మల్ని చరిత్రలోకి తీసుకెళ్తాను. ఎందుకంటే మీ రూమ్మేట్స్ మాటే పూర్తిగా నిజమైతే, 1968 నుంచి 1983 వరకు జరిగిన ఒక విషయం అసలు జరగకూడదు. ఆ పదహారేళ్ళలో ప్రపంచంలోనే పేరున్న చలికాలపు కార్ల పోటీని దాదాపు ప్రతిసారీ గెలిచింది వెనుక చక్రాలతో నడిచే కార్లే. అది ఎలా సాధ్యమైంది? ఎందుకు ఆగిపోయింది? ఇవాళ్టి మీ కారుకీ ఆ కథకీ ఏంటి సంబంధం? అదే ఈరోజు మాట్లాడుకుందాం.

ముందు అసలు సమస్య ఏంటో చూద్దాం

మన ఊరి ఉదాహరణే తీసుకోండి. వర్షం పడ్డాక బురద దారిలో స్కూటర్ వెనక చక్రం గిర్రున తిరుగుతూ ఉంటుంది, బండి మాత్రం కదలదు. అప్పుడు ఏం చేస్తాం? "ఒరేయ్, నువ్వు వెనక కూర్చో" అంటాం. బరువు పడగానే చక్రం పట్టు దొరికించుకుని బండి కదులుతుంది. తిరిగే చక్రం మీద బరువు ఉండాలి. సూత్రం ఇంతే.

మస్టాంగ్ లాంటి కారులో ఇంజిన్ ముందు ఉంటుంది, తిరిగే చక్రాలేమో వెనక. అంటే సగం కంటే ఎక్కువ బరువు ముందు, పని చేయాల్సిన చక్రాలు తేలికగా వెనక. పైగా ఇంజిన్‌కి బోలెడు పవర్. మంచు మీద యాక్సిలరేటర్ కాస్త గట్టిగా తొక్కితే వెనక చక్రాలు జారి, కారు తోక పక్కకి తిరిగిపోతుంది. అందుకే చలి దేశాల్లో పాతకాలం వాళ్ళు డిక్కీలో ఇసుక బస్తాలు వేసుకుని తిరిగేవాళ్ళు.

ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారులో ఇంజిన్, గేర్‌బాక్స్ రెండూ తిరిగే చక్రాల మీదే కూర్చుంటాయి. పైగా ఎడ్లు బండిని లాగినట్టు కారుని ముందు నుంచి లాగుతాయి. జారినా కారు చాలావరకు నేరుగానే వెళ్తుంది, తోక తిప్పదు. కాబట్టి మీ రూమ్మేట్స్ భయానికి కారణం లేకపోలేదు. కానీ వాళ్ళు ఒక సగం మాత్రమే చూస్తున్నారు. రెండో సగం కారు కింద ఉంది. అదే టైరు.

ఫిన్లాండ్‌లో మొదలైన కథ

నోకియా అనగానే మనకి ఫోన్లు గుర్తొస్తాయి. నిజానికి నోకియా అనేది ఫిన్లాండ్‌లో ఒక ఊరి పేరు. ఆ ఊళ్ళో ఒక రబ్బరు ఫ్యాక్టరీ ఉండేది. 1934లో ఆ ఫ్యాక్టరీ లారీల కోసం ఒక టైరు తయారుచేసింది. ప్రపంచంలో ప్రత్యేకంగా మంచు కోసం చేసిన మొదటి టైరుగా దానికి పేరు. రెండేళ్ళకి, 1936లో, మామూలు కార్లకి హక్కపెలీటా అనే టైరు తెచ్చింది. ఫిన్లాండ్ చరిత్రలో హక్కపెలీటా అంటే పాత కాలపు అశ్విక దళం సైనికుడు. ఆ పేరుతో వచ్చిన టైర్లు ఇప్పటికీ అమ్ముతున్నారు.

ఎందుకు అవసరమైందంటే, అక్కడ శీతాకాలం నెలల తరబడి ఉంటుంది. రోడ్డు మీద మంచు ఎప్పటికప్పుడు తీసేసే ఏర్పాట్లు అప్పట్లో తక్కువ. లారీ ఆగిపోతే ఊరికి సరుకు ఆగిపోయినట్టే.

ఆ టైరులో కిటుకు ఏంటి? లోతైన, వెడల్పైన గాళ్ళు. మామూలుగా మంచు జారుతుంది కదా, దాన్ని టైరు గాళ్ళలో ఇరికించుకోవడం ఎందుకు అని మీకు అనిపించొచ్చు. పిడికెడు మంచు తీసుకుని గట్టిగా నొక్కండి, లడ్డూలా ఉండ కడుతుంది. మంచుకి మంచు బాగా అతుక్కుంటుంది. టైరు గాళ్ళు అదే పని చేస్తాయి. మంచుని లోపలికి తీసుకుని, నొక్కి, కింద ఉన్న మంచుతో పట్టు కుదుర్చుకుంటాయి. అంటే మంచు టైరు మంచుతో కొట్లాడదు, మంచునే తన పనివాడిగా పెట్టుకుంటుంది.

ఇది మెత్తటి మంచు సంగతి. గట్టిగా గడ్డకట్టిన ఐస్ మీద ఈ కిటుకు పనిచేయదు. దానికి 1950ల చివర్లో, 1960ల మొదట్లో ఇంకో ఆయుధం వచ్చింది. టైరులో చిన్న చిన్న లోహపు మేకులు దిగ్గొట్టడం. టంగ్‌స్టన్ కార్బైడ్ అనే చాలా గట్టి పదార్థం కొసతో ఈ మేకులు ఐస్‌ని గీరి పట్టుకుంటాయి. మన దగ్గర పొలంలో దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్‌కి కేజ్ వీల్స్ తగిలిస్తారు చూడండి, బుద్ధి అదే. నేలలోకి దిగితేనే పట్టు. ఈ పోలిక గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

మోంటే కార్లో: చక్రాల మధ్య యుద్ధం

ఇప్పుడు పోటీలోకి వెళ్దాం. మోంటే కార్లో ర్యాలీ 1911లో మొదలైంది. జనవరిలో జరుగుతుంది. ఆల్ప్స్ కొండల్లో ఒక మలుపు దగ్గర పొడి రోడ్డు, తర్వాతి మలుపు దగ్గర ఐస్, కనుమ మీదకి వెళ్తే మోకాలి లోతు మంచు. అందులో బాగా పేరున్న కనుమ కోల్ ద తురీని, 1607 మీటర్ల ఎత్తు. రాత్రిపూట, లైట్ల వెలుగులో, దాని మీదుగా పోటీగా కార్లు నడపాలి.

1961 నుంచి 1967 వరకు, వరసగా ఏడేళ్ళు, గెలిచినవన్నీ ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లే. మొదట పనార్డ్, తర్వాత స్వీడన్‌కి చెందిన ఎరిక్ కార్ల్‌సన్ సాబ్ కారుతో రెండుసార్లు, ఆ తర్వాత బుల్లి మినీ కూపర్. మధ్యలో 1966లో గెలిచిన మినీలను లైట్ల నిబంధన పేరుతో పక్కకి తప్పిస్తే గెలుపు సిట్రోయెన్‌కి వెళ్ళింది. అదీ ఫ్రంట్ వీల్ డ్రైవే. అప్పుడు ఎవరైనా మీ రూమ్మేట్స్ మాటే అనేవాళ్ళు: మంచులో ముందు నుంచి లాగే కారే రాజు.

కానీ 1965 ర్యాలీని జాగ్రత్తగా చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. ఆ ఏడాది మంచు తుఫాను. రెండొందలకి పైగా కార్లు బయలుదేరితే, మోంటే కార్లో దాకా చేరినవి 35. గెలిచింది ఫిన్లాండ్ డ్రైవర్ టిమో మాకినెన్, మినీతో. మరి రెండో స్థానం? పోర్షే 904. నేలకి ఆనుకుని ఉండే, రేస్ ట్రాక్ కోసం పుట్టిన, వెనుక చక్రాల స్పోర్ట్స్ కారు. నడిపింది ఓయ్‌గెన్ బోరింగర్. పక్కన కూర్చున్న రోల్ఫ్ వ్యూథరిష్ ఎవరో తెలుసా? పదేళ్ళ క్రితం హాలీవుడ్ హీరో జేమ్స్ డీన్ చనిపోయిన ప్రమాదంలో, అదే కారులో ఉండి బతికి బయటపడ్డ మనిషి. ఇక ఐదో స్థానం కొత్తగా వచ్చిన పోర్షే 911ది. అదీ వెనుక చక్రాలదే.

అంత మంచులో వందల కార్లు ఆగిపోతే, ఈ రెండు స్పోర్ట్స్ కార్లు ఎలా వచ్చాయి? స్కూటర్ మీద వెనక కూర్చున్న మనిషిని గుర్తుచేసుకోండి. 911లో ఇంజిన్ వెనక ఇరుసు కంటే ఇంకా వెనక్కి ఉంటుంది. కారు బరువులో దాదాపు 60 శాతం తిరిగే చక్రాల మీదే. ఇసుక బస్తా వేయనక్కర్లేదు, ఇంజినే ఇసుక బస్తా! దానికి మేకుల టైర్లు తోడైతే, బయలుదేరడానికీ కొండ ఎక్కడానికీ పట్టు దొరికినట్టే. అయితే దీనికో మూల్యం ఉంది. మలుపులో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు ఒక్కసారిగా తీస్తే, ఆ బరువైన తోక లోలకంలా బయటికి ఊగుతుంది. అంటే ఈ కారు పట్టుని ఇస్తుంది, క్షమని మాత్రం ఇవ్వదు.

ఆ తోకని వాడుకోవడం తెలిసినవాళ్ళు వచ్చారు. 1968లో బ్రిటన్ డ్రైవర్ విక్ ఎల్ఫర్డ్ 911తో మోంటే గెలిచాడు. అదే పోటీలో ఫ్రాన్స్ డ్రైవర్ జెరార్ లారూస్, ఆల్పీన్ అనే ఇంకో వెనుక చక్రాల కారులో ముందంజలో ఉన్నాడు. తురీని మీద ప్రేక్షకులు పొడి రోడ్డు మీదకి మంచు విసిరారు. లారూస్ కారు దాని మీద జారి గుద్దుకుంది. ఈ సంఘటనని నేను ఎప్పుడూ చెబుతుంటాను. ఎందుకంటే మంచు మొత్తం రోడ్డంతా ఉంటే దానికి సిద్ధంగా ఉంటాం. పొడి రోడ్డు మధ్యలో పది మీటర్ల మంచు ఉంటేనే మనిషి దొరికిపోతాడు. మీ యూనివర్సిటీ ఊళ్ళో ఫ్లైఓవర్ మీద జరిగేది కూడా అదే. కింద రోడ్డు పొడిగా ఉంటుంది, పైన గాలి తగిలే చోట ఐస్ కట్టి ఉంటుంది.

1969, 1970లలో గెలిచింది స్వీడన్‌కి చెందిన బ్యోర్న్ వాల్డెగార్డ్, మళ్ళీ 911తోనే. ఆయన అంతటితో ఆగలేదు. 1968, 69, 70 మూడేళ్ళూ పూర్తిగా మంచు మీద జరిగే స్వీడిష్ ర్యాలీని కూడా 911తోనే గెలిచాడు. 1979లో మొట్టమొదటి ప్రపంచ ర్యాలీ చాంపియన్ కూడా ఆయనే. ఆ తర్వాత ఆల్పీన్, లాన్సియా స్ట్రాటోస్, ఫియట్, రెనో, ఓపెల్. 1974లో చమురు సంక్షోభం వల్ల మోంటే జరగలేదు. 1972లో ఒక్కసారి ఫ్రంట్ వీల్ డ్రైవ్ లాన్సియా గెలిచింది. మిగతా అన్నిసార్లూ వెనుక చక్రాలే.

కారణం ఒక్కటే అని నేను అనను. ఇంజిన్ల పవర్ పెరిగింది. ముందు చక్రాలు స్టీరింగ్ పనీ, లాగే పనీ రెండూ చేయలేని స్థాయికి వచ్చింది. కానీ ఆ పవర్ మంచు మీద పనికొచ్చిందంటే అది టైర్ల వల్లే. ఏ ముక్కకి ఏ టైరు, ఎన్ని మేకులు, ఎంత సన్నటి టైరు అన్నది గెలుపోటముల్ని తేల్చే లెక్కగా మారింది. సన్నటి టైరు ఎందుకంటే, వెడల్పు టైరు వదులు మంచు మీద పడవలా తేలుతుంది. సన్నటిది కత్తిలా కోసుకుని కిందకి దిగుతుంది. స్వీడన్‌లో ర్యాలీ కార్లకి ఇప్పటికీ సన్నటి మేకుల టైర్లే.

మేకుల బిల్లు ఎవరు కట్టారు?

ఇక్కడిదాకా హీరోల కథ. ఇప్పుడు ఎవరూ సినిమా తీయని భాగం.

మన దగ్గర కేజ్ వీల్స్‌తో ట్రాక్టర్ తారు రోడ్డెక్కితే ఏమవుతుంది? రోడ్డు చెక్కుకుపోతుంది. అందుకే పోలీసులు ఫైన్ వేస్తారు. చలి దేశాల్లో సరిగ్గా ఇదే జరిగింది, కాకపోతే లక్షల కార్లతో. మంచు లేని రోజుల్లో కూడా మేకులు రోడ్డుని గీకుతూనే ఉంటాయి. చక్రాలు వెళ్ళే దారిలో గాడులు పడ్డాయి. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం 1971లోనే ఈ టైర్లని నిషేధించింది. జర్మనీలో 1975 నుంచి నిషేధం.

జపాన్‌లో కథ ఇంకా బాధాకరం. సెండై అనే ఊళ్ళో 1980లలో రోడ్డు నుంచి లేచిన పొడి గాలి నిండా. ఉతికి ఆరేసిన బట్టలు నల్లబడేవి. జనం ముక్కుకి గుడ్డ కట్టుకుని తిరగాల్సి వచ్చింది. ఆ ఊరిని సెండై ఎడారి అని పిలిచేవాళ్ళు. ఊపిరితిత్తుల గురించి డాక్టర్లు, రోడ్ల గురించి ఇంజినీర్లు, రోజూ ఆ గాలి పీల్చే మామూలు జనం, అందరూ గొంతెత్తారు. 1985లో మియాగి ప్రిఫెక్చర్ సొంతంగా నిబంధన తెచ్చింది. 1990లో దేశం మొత్తానికీ చట్టం వచ్చింది.

నాకు ఈ కథలో అన్నింటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇక్కడే ఉంది. నా కారు జారకుండా ఉండటం కోసం పక్కవాడి ఊపిరి ఎంత వరకు పణంగా పెట్టొచ్చు? మేకులు తీసేస్తే ప్రమాదాలు పెరుగుతాయని వాదించినవాళ్ళు మూర్ఖులు కాదు. వాళ్ళ భయమూ ప్రాణాల గురించే. ఇది మంచికీ చెడుకీ మధ్య గొడవ కాదు, ఒక ప్రాణానికీ ఇంకో ప్రాణానికీ మధ్య గొడవ.

ఈ చిక్కుముడి విప్పడానికి సాయపడింది రబ్బరే. 1988లో జపాన్ కంపెనీ బ్రిడ్జ్‌స్టోన్ బ్లిజాక్ అనే మేకుల్లేని టైరు తెచ్చింది. దాని రబ్బరులో కంటికి కనిపించనంత చిన్న రంధ్రాలు. దోసె మీద చిల్లులు పడతాయి చూడండి, అలాగన్నమాట, కాకపోతే చాలా సూక్ష్మంగా. ఐస్ మీద జారడానికి పెద్ద కారణం పైన ఉండే పల్చటి నీటి పొర. ఆ రంధ్రాలు ఆ నీటిని పీల్చుకుంటాయి, రబ్బరు ఐస్‌ని తాకుతుంది. దానికి తోడు టైరు దిమ్మల మీద బ్లేడుతో గీసినట్టు వందల సన్నటి గాట్లు. అవి ఒక్కోటి ఒక చిన్న అంచులా పట్టుకుంటాయి. ఇంకొకటి, చలిలో కూడా మెత్తగా ఉండే రబ్బరు. మామూలు ఎండాకాలపు స్పోర్ట్స్ టైరు సుమారు 7 డిగ్రీల కంటే చలి పెరిగితే గట్టిపడటం మొదలవుతుంది. బాగా చలిలో అది రబ్బరు చెప్పులా కాకుండా ప్లాస్టిక్ మగ్గులా ప్రవర్తిస్తుంది.

ఆఖరి గెలుపు

మళ్ళీ పోటీకి వద్దాం. 1976-77 చలికాలంలో ఆడి ఇంజినీర్ యోర్గ్ బెన్సింగర్ ఫిన్లాండ్‌లో కార్లు పరీక్షిస్తున్నాడు. తమ శక్తివంతమైన ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లకంటే, కేవలం 75 హార్స్‌పవర్ ఉన్న ఫోక్స్‌వ్యాగన్ ఇల్టిస్ అనే మిలిటరీ జీపు మంచులో హాయిగా వెళ్ళిపోతోంది. నాలుగు చక్రాలూ తిరుగుతాయి కాబట్టి. ఆ ఆలోచనే 1980లో ఆడి క్వాట్రో అయింది.

అయినా వెనుక చక్రాలు వెంటనే ఓడిపోలేదు. 1981 మోంటే రెనో 5 టర్బోది, 1982 ఓపెల్ ఆస్కోనాది. 1983లో వాల్టర్ రోల్ లాన్సియా 037తో గెలిచాడు, రెండో స్థానమూ లాన్సియాదే. క్వాట్రోలు మూడు, నాలుగు. ఆ ఏడాది దారిలో మంచు తక్కువ, పొడి రోడ్డు ఎక్కువ. తేలికైన లాన్సియాకి అది కలిసొచ్చింది. ఆ సంవత్సరం తయారీదారుల ప్రపంచ టైటిల్ కూడా లాన్సియాకే, ఆడి కంటే రెండే రెండు పాయింట్ల తేడాతో. మరుసటి ఏడాది మంచు బాగా పడింది. అదే రోల్ ఈసారి క్వాట్రోలో కూర్చుని గెలిచాడు. మొదటి మూడు స్థానాలూ ఆడివే. 1983 తర్వాత వెనుక చక్రాల కారు మళ్ళీ మోంటే గెలవలేదు.

ఇక్కడో సరదా సంగతి. అదే 1983 డిసెంబర్‌లో మన దేశంలో మారుతి 800 వచ్చింది. అప్పటిదాకా మన అంబాసిడర్, పద్మిని రెండూ వెనుక చక్రాల కార్లే. మన తాతలు రియర్ వీల్ డ్రైవ్ నడిపారు, ఆ పేరు తెలియకుండానే!

ఇక మీ కారు సంగతి

ఒక మాట గమనించండి. నాలుగు చక్రాలూ తిరిగితే బయలుదేరడానికి, ఎక్కడానికి లాభం. కానీ ఆగడానికి? బ్రేకులు ప్రతి కారుకీ నాలుగు చక్రాలకీ ఉంటాయి. ఆగేటప్పుడు ఫోర్ వీల్ డ్రైవ్‌కి ఏ ప్రత్యేకతా లేదు, అక్కడ టైరే దిక్కు. మామూలు టైర్లున్న పెద్ద ఎస్‌యూవీ కంటే మంచి వింటర్ టైర్లున్న మస్టాంగ్ మంచులో ముందే ఆగగలదు. మంచు పడ్డ రోజున హైవే పక్కన గోతిలో ఫోర్ వీల్ డ్రైవ్ బళ్ళు కనిపించేది అందుకే. బయలుదేరడం సులువైపోయేసరికి, ఆగడం కూడా సులువే అనుకుంటారు.

1995లో మెర్సిడెస్, బాష్ కలిసి తెచ్చిన ఈఎస్‌పీ కూడా మీ వైపే ఉంది. కారు తోక తిప్పబోతుంటే ఒక్కో చక్రానికి విడివిడిగా బ్రేకు వేసి సరిచేస్తుంది. అమెరికాలో 2012 మోడల్ నుంచి ఇది తప్పనిసరి. కానీ అది ఉన్న పట్టుని సరిగ్గా పంచుతుంది, లేని పట్టుని పుట్టించలేదు.

కాబట్టి నా సమాధానం ఇది. వెనుక చక్రాల కారు కొనొచ్చు, కానీ వింటర్ టైర్ల సెట్టు ఖర్చుని కారు ధరలోనే కలిపి చూడండి. ఆ డబ్బు లేకపోతే ఆ కారు మీ బడ్జెట్‌లో లేనట్టే. నాలుగూ మార్చాలి. వెనక రెండే మారిస్తే కారు కదులుతుంది కానీ ముందు చక్రాలు తిరగవు, ఆగవు. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు పువ్వు గుర్తు ఉందో లేదో చూడండి. కెనడాలోని క్యూబెక్‌లో ఉంటే 2008 నుంచి చలికాలంలో వింటర్ టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. జర్మనీలో మంచు, ఐస్ ఉన్న రోడ్డు మీదకి రావాలంటే అక్కడా నిబంధన ఉంది. మొదటి మంచు పడ్డ రోజున ఖాళీ పార్కింగ్ లాట్‌లో, అనుమతి తీసుకుని, నెమ్మదిగా బ్రేకు వేసి చూడండి. కారు ఎంత దూరంలో ఆగుతుందో మీ కాలికి ముందు తెలియాలి.

వాల్డెగార్డ్‌కి మీకంటే మంచి టైర్లు లేవు. మీరు ఇవాళ కొనే వింటర్ టైరు రబ్బరు ఆయన కాలంలో ఊహకి కూడా అందనిది. ఆయన దగ్గర ఉండి మన దగ్గర లేనిది ఒకటే: చిన్నప్పటి నుంచి మంచుని చూసిన కళ్ళు. కాకినాడ నుంచో కరీంనగర్ నుంచో వెళ్ళిన మనకి ఆ కళ్ళు ఒక్క చలికాలంలో రావు. వచ్చేదాకా వేగం తగ్గించుకుంటే సరిపోతుంది.

చలికాలపు డ్రైవింగ్‌లో మీకు ఎదురైన అనుభవాలు ఉంటే కామెంట్స్‌లో రాయండి, కొత్తగా వెళ్ళేవాళ్ళకి పనికొస్తాయి. వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో కథతో కలుద్దాం. జాగ్రత్తగా నడపండి. నమస్తే.